భారత రాజ్యాంగ నిర్మాణము - రాష్ట్రేతరాంధ్రులు

కొత్తగా స్వాతంత్ర్యము పొందిన దేశము తన్ను తాను ఏలుకొనుటకు ఒక కట్టుబాటు చేసికొనవలెను. ఎవరు శాసింతురు? ఎవరి యధికారము ఎంతవఱకు? పౌరుని జీవితములో ప్రభుత్వము జొరబడరాని యెల్ల యేది? ఈ మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకముగ నిచ్చిన సమాధానమే రాజ్యాంగము. ఆ సమాధానమును వ్రాసికొనుటకు మన దేశమునకు దాదాపు మూడు సంవత్సరములు పట్టినది. ఆ చరిత్రను పలువురు వ్రాసియున్నారు. కాని యందులో తెలుగు రాష్ట్రముల యెల్లలకు వెలుపల తరతరములుగా నివసించుచు తెలుగు మాటాడుకొను మనకు ప్రత్యేకముగ సంబంధించిన ఘట్టమొకటి కలదు. అది మన సంఘములలో అంతగా వినబడదు. ఆ ఘట్టమును రాజ్యాంగ నిర్మాణచరిత్ర మధ్యమున నుంచి పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రాజ్యాంగ పరిషత్తు

1946వ సంవత్సరమున బ్రిటిషు మంత్రుల రాయబార వర్గము ప్రతిపాదించిన పథకము ననుసరించి రాజ్యాంగ పరిషత్తు ఏర్పడెను. దాని సభ్యులను ప్రజలు నేరుగ ఎన్నుకొనలేదు. ఆనాటి రాష్ట్ర శాసనసభల సభ్యులు ఎన్నుకొనిరి. ఆ శాసనసభలకు వోటు చేయు హక్కయినను ఆస్తిని, పన్నును, చదువును బట్టి కొందఱికే యుండెను. మొదటి ఏర్పాటు ప్రకారము స్థానములు 389. అందు బ్రిటిషు రాష్ట్రములకు 292, సంస్థానములకు 93, చీఫ్ కమిషనర్ల ప్రాంతములకు 4. దేశవిభజన జరిగిన పిమ్మట ఈ సంఖ్య 299కి తగ్గెను.

1946 డిసెంబరు 9వ తేదీన పరిషత్తు న్యూఢిల్లీలో తొలిసారి సమావేశమయ్యెను. ముస్లిం లీగు సభ్యులు హాజరు కాలేదు. వయోవృద్ధులైన సచ్చిదానంద సిన్హా తాత్కాలికాధ్యక్షులుగ వ్యవహరింపగా, 11వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు శాశ్వతాధ్యక్షులుగ ఎన్నికైరి. 13వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ లక్ష్యముల తీర్మానమును ప్రతిపాదించిరి. 1947 జనవరి 22న పరిషత్తు దాని నామోదించెను. అల్పసంఖ్యాకులకు తగిన రక్షణలు కల్పింతుమను వాగ్దానము ఆ తీర్మానముననే కలదు. కావున ఈ రక్షణలు రాజ్యాంగమునకు చివర నతికించిన యతుకు గాక, దాని పునాదిరాళ్లలో నొకటి యని గ్రహింపవలెను.

ఇచట అమెరికా దేశముతో పోల్చి చూచుట యుచితము. 1787లో ఫిలడెల్ఫియా నగరమున 55 మంది ప్రతినిధులు తలుపులు మూసికొని, నాలుగు నెలలలోపల తమ రాజ్యాంగమును రచించిరి. మన పరిషత్తు బహిరంగముగ చర్చించెను; చిత్తుప్రతిని ప్రచురించి విమర్శల నాహ్వానించెను. అమెరికా రాజ్యాంగమున మొదట పౌరహక్కుల పట్టిక లేదు. ఆ లోపమునుగూర్చి గట్టి యాందోళన జరిగిన మీదట 1791లో పది సవరణల రూపమున ఆ పట్టిక చేరినది. రాజ్యాంగము ఒక్కనాటితో ముగియు కట్టడము కాదు; నివసించువారి యక్కఱను బట్టి గదులు చేరుచుండును. మన విషయమునను ఇట్లే జరిగినదని ముందు చూడగలము.

చిత్తుప్రతి - దాని కర్తలు

పరిషత్తుకు రాజ్యాంగ సలహాదారుగ నుండిన బెనెగళ్ నరసింగరావు 1947 అక్టోబరు నాటికి 243 అధికరణములతో తొలిప్రతిని సిద్ధపఱచిరి. అంతకుముందే, ఆగస్టు 29న, ఏడుగురు సభ్యుల చిత్తుప్రతి సంఘము నియమింపబడెను. దాని కధ్యక్షులు డాక్టరు భీమరావు అంబేద్కరు. సభ్యులలో నిరువురు మనవారి చరిత్రలో ప్రత్యేకముగ పేర్కొనదగినవారు.

మొదటివారు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. 1883లో నెల్లూరు మండలమందలి పూడూరున జన్మించి, మద్రాసులో న్యాయవాదియై, 1929 నుండి 1944 వఱకు ఆ రాష్ట్రమునకు అడ్వకేటు జనరలుగ పనిచేసిరి. ఈ సంఘమున తనకంటె గొప్పవారు, సమర్థులు కలరని చెప్పుచు అంబేద్కరు అల్లాడివారి పేరునే యుదాహరించిరి. రెండవవారు న్యాపతి మాధవరావు. వీరు మచిలీపట్నమున జన్మించి, మైసూరు సంస్థానమునకు దివానుగ నుండి, పరిషత్తున ఒరిస్సా సంస్థానముల పక్షమున కూర్చుండిరి, బి. ఎల్. మిట్టరు తప్పుకొనగా చిత్తుప్రతి సంఘమున చేరిరి. మద్రాసు, మైసూరు, ఒరిస్సా - ఈ మూడు పేర్లును మన యీ సంపుటమున తఱచుగ వినవచ్చునవే. వీరు గాక భోగరాజు పట్టాభిసీతారామయ్య, టంగుటూరి ప్రకాశము, దుర్గాబాయి, ఎన్. జి. రంగా, నీలం సంజీవరెడ్డి మొదలగువారును పరిషత్తులో సభ్యులు.

1948 ఫిబ్రవరిలో ప్రచురితమైన చిత్తుప్రతిలో 315 అధికరణములు, 8 షెడ్యూళ్లు ఉండెను. సభ్యులు 7,635 సవరణలకు నోటీసు లిచ్చిరి. అందు 2,473 సభలో ప్రతిపాదింపబడినవి. 1949 నవంబరు 26న 395 అధికరణములతో పరిషత్తు రాజ్యాంగమును స్వీకరించెను. 1950 జనవరి 24న సభ్యులు సంతకములు చేసిరి. 26న అది యమలులోనికి వచ్చినది.

ఎట్టి ప్రభుత్వము?

అమెరికాలోవలె అధ్యక్షుడు పరిపాలించుటయా? ఇంగ్లండులోవలె శాసనసభకు జవాబు చెప్పు మంత్రివర్గము పరిపాలించుటయా? 1948 నవంబరు 4న చిత్తుప్రతిని సభ ముందుంచుచు అంబేద్కరు ఈ ప్రశ్నను వివరించిరి. మొదటిదానిలో స్థిరత్వ మెక్కువ. రెండవదానిలో జవాబుదారి యెక్కువ. స్థిరత్వముకంటె జవాబుదారియే మేలని చిత్తుప్రతి యెంచినది.

వోటుహక్కు విషయమున పరిషత్తు చూపిన సాహసము సామాన్యము కాదు. అక్షరాస్యులు స్వల్పముగ నున్న దేశమున, ఆస్తి యనక చదువనక వయోజనుల కందఱకును వోటు ఇచ్చెను. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో వోటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలు.

అధికారములను కేంద్రమునకు 97, రాష్ట్రములకు 66, ఉభయులకు 47 అంశములుగ మూడు జాబితాలలో పంచిరి. విద్య అప్పుడు రాష్ట్రముల జాబితాలో చేరినది. 1976 నాటి 42వ సవరణతో గాని ఉమ్మడి జాబితాకు రాలేదు. మఱియు మూడవ అధికరణము ప్రకారము పార్లమెంటు సాధారణ శాసనముతో రాష్ట్రముల యెల్లలను మార్చవచ్చును. ఈ రెండింటిని కలిపి చదివినచో మన సమస్య స్పష్టమగును. పిల్లల బడి రాష్ట్రము చేతిలో నున్నది; రాష్ట్రపు టెల్ల పార్లమెంటు చేతిలో నున్నది. ఎల్ల జరిగి బడి పరాయిదైన నాడు పౌరునికి మిగులునదేమి? ఎల్లతో జరుగని హక్కు ఏదేని యుండవలెను గదా!

1948 డిసెంబరు 8

ఆ హక్కును గూర్చిన చర్చ 1948 డిసెంబరు 8న జరిగినది. చిత్తుప్రతిలో 23వ అధికరణముగ నుండి, తరువాత 29, 30 అధికరణములుగ విడివడిన భాగమది. 1947లో ఆమోదించిన తొలి పాఠమున అల్పసంఖ్యాకుల భాషకు, లిపికి, సంస్కృతికి రక్షణ యుండవలెనని యుండెను. చిత్తుప్రతి సంఘము ఆ మాటను మార్చి, ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల యే పౌరవర్గమునకైనను వానిని కాపాడుకొను హక్కు గలదని వ్రాసెను. ఈ మార్పు హక్కును కుదించుటకా యని కొందఱు సభ్యులు శంకించిరి.

అంబేద్కరు ఇచ్చిన సమాధానము మన మందఱము తెలిసికొనవలసినది. అల్పసంఖ్యాకులన్న మాటకు రాజకీయ పరిభాషలో ఇఱుకైన యర్థ మేర్పడినదనియు, తమ యుద్దేశము దానికంటె విశాలమైనదనియు వారు చెప్పిరి. దృష్టాంతముగ, మద్రాసునుండి కొందఱు బొంబాయికి వచ్చి స్థిరపడినచో వారు పరిభాష ననుసరించి అల్పసంఖ్యాకులు కాకున్నను, భాషా సంస్కృతుల దృష్ట్యా అల్పసంఖ్యాకులే యగుదురనియు, వంగదేశమున స్థిరపడిన మహారాష్ట్రులును అట్టివారే యనియు వివరించిరి. ఆనాటి మద్రాసు రాష్ట్రమున తెలుగు జిల్లాలు చేరియే యుండెను. బొంబాయిలోని కామాఠిపురపు తెలుగువారిని, షోలాపురమందలి నేతపనివారిని ఎరిగిన మనకు ఈ దృష్టాంతము కేవలము ఊహ కాదు.

అదే చర్చలో సంయుక్త రాష్ట్రములనుండి వచ్చిన జెడ్. హెచ్. లారీ అను సభ్యుడు ఒక సవరణ ప్రతిపాదించెను. తగినంతమంది పిల్లలున్నచోట వారికి తమ భాషలో, తమ లిపిలో ప్రాథమిక విద్య పొందు హక్కు ఉండవలెనని దాని సారము. ఆయన చింత ముఖ్యముగ ఉర్దూను గూర్చినది. అయినను సవరణలోని మాటలు ఎల్ల భాషలకును వర్తించునట్టివే. పరిషత్తు దానిని త్రోసిపుచ్చెను. ఈ అధికరణము ప్రభుత్వముపై ఖర్చును మోపదని అంబేద్కరు నిస్సంకోచముగ చెప్పిరి. మద్రాసువారు బొంబాయికి వచ్చినంతమాత్రమున అరవములో గాని ఆంధ్రభాషలో గాని విద్య చెప్పించుటకు బొంబాయి ప్రభుత్వము సొమ్ము పెట్టవలెనని ఇందులో లేదనియు, ఇతర సంస్కృతిని వారిపై చట్టముచే రుద్దరాదన్నంతవఱకే దీని పరిమితి యనియు వారి భావము. మన భాషపేరు ఉచ్చరింపబడినది, హక్కు ఒప్పుకొనబడినది, ఖర్చు మాత్రము ఒప్పుకొనబడలేదు. ఆనాటి నిర్ణయము ఇట్లు సగము తెఱచిన తలుపువంటిది.

అయినను ఆ సగమును తక్కువగ నెంచరాదు. 29వ అధికరణము భాషను కాపాడుకొను హక్కు నిచ్చినది. 30వది మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైన వారందఱకు తమ కిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చి, సహాయద్రవ్య మిచ్చునప్పుడు ప్రభుత్వము అట్టి సంస్థలపట్ల భేదము చూపరాదని శాసించినది. ఇవి ప్రాథమిక హక్కుల భాగమున నున్నవి గనుక, వీనికై న్యాయస్థానమున కెక్కవచ్చును.

ఇంకొక చిన్నమాట కలదు. చిత్తుప్రతిలో భాషయు, లిపియు, సంస్కృతియు నని యున్నది, తుదిప్రతిలో భాష, లిపి, లేక సంస్కృతి యని మాఱినది. మూడును కలిసి యుండవలెనను నియమము పోయి, ఒక్కటి యున్నను చాలునన్న యర్థము వచ్చినది. ఇంటిలో చక్కని తెలుగు మాటాడుచు, వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రము స్థానిక లిపిలో వ్రాసికొను పిల్లలు నావంటి యుపాధ్యాయులకు నిత్యము కనబడుచుందురు. లిపి పోగొట్టుకొన్నవారు హక్కును కూడ పోగొట్టుకొన్నవారు కారు. భాషాల్పసంఖ్యాకులకు ప్రత్యేక లిపి యుండి తీరవలెనను నియమము లేదని 1971లో సుప్రీముకోర్టు కూడ డి. ఏ. వి. కళాశాల వ్యాజ్యమున తీర్పు చెప్పినది.

ఎల్లలు జరుగుట

పరిషత్తు భాషారాష్ట్రముల ప్రశ్నను వాయిదా వేసెను. 1948 డిసెంబరులో థార్ సంఘము భాషారాష్ట్రములు తగవని చెప్పెను. 1949 ఏప్రిలులో నెహ్రూ, పటేలు, పట్టాభి గార్ల సంఘము ఆంధ్రవిషయమున మాత్రము కొంత సడలించెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఫజలలీ, కుంజ్రు, పణిక్కరు గార్ల రాష్ట్ర పునర్విభజన సంఘము 1955 సెప్టెంబరులో నివేదిక యొసగెను; 1956 నవంబరు 1న దేశపటము మాఱిపోయెను.

ఆంధ్రరాష్ట్రము కలలు గన్నవారికి అది పండుగ. కాని యెల్ల గీసిన ప్రతిచోటను అవతలి ప్రక్క కొందఱు మిగిలిపోవుదురు. కొందఱు విజయనగర, నాయకరాజుల కాలముననే దక్షిణమునకు పోయి స్థిరపడినవారు. కొందఱు జీవనోపాధికై బొంబాయి, షోలాపురములకు పోయినవారు. మఱికొందఱు ఎక్కడికిని పోలేదు. వారున్నచోట నుండగనే ఎల్ల జరిగినది. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురమువారికి, 1953లో బళ్లారివారికి, 1960 ఏప్రిలు 1న తిరుత్తణివారికి జరిగినదిదే. రాత్రి మెజారిటీవారుగ నిద్రించి, ఉదయమున అల్పసంఖ్యాకులుగ మేల్కొనిరి. యానాము కథ వేఱు. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చునాటికి అది ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. 1954లో విముక్తమై, 1962లో 14వ సవరణచే రాజ్యాంగమున స్థానము పొందినది.

1956: మిగిలిన సగము

1948లో త్రోసిపుచ్చిన కోరిక ఎనిమిదేండ్లకు తిరిగి వచ్చినది. భాషనుబట్టి రాష్ట్రములను కూర్చినపుడు, ఆ భాష మాటాడని వారి పిల్లల చదువేమగునని పునర్విభజన సంఘము ప్రశ్నించి, ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య పొందు హక్కును రాజ్యాంగము గుర్తింపవలెనని సిఫారసు చేసెను. ఆ మీదట 7వ సవరణచే 350-ఏ, 350-బి అను రెండధికరణములు చేరినవి. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానికసంస్థయు ప్రయత్నింపవలెననియు, ఇందుకై రాష్ట్రపతి ఆదేశము లీయవచ్చుననియు మొదటిది చెప్పుచున్నది. రక్షణల యమలును విచారించి రాష్ట్రపతికి నివేదించుటకు ప్రత్యేకాధికారి యుండవలెననియు, ఆ నివేదికలను పార్లమెంటు ఉభయసభల ముందుంచవలెననియు రెండవది విధించుచున్నది. రక్షణల యమలును గవర్నర్లకు అప్పగింపవలెనని సంఘము సూచించియుండగా, ప్రభుత్వము దానికి బదులుగ ఈ యధికారిపద్ధతిని స్వీకరించెను. 1957 నుండి భాషాల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయము పని యారంభించినది.

ఇచట నొక సూక్ష్మము కలదు. 350-ఏ లోని మాట ప్రయత్నము. 29, 30 అధికరణములవలె ఇది ప్రాథమిక హక్కుల భాగమున లేదు. భాషలను గూర్చిన 17వ భాగమున నున్నది. కావున దీని బలము ఆచరణలోని నియమములపై ఆధారపడి యున్నది. 1949 ఆగస్టులో, రాజ్యాంగ పరిషత్తు ఇంకను కొనసాగుచుండగనే, రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము ఒక కొలత నిర్ణయించెను: బడి మొత్తములో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాషకు చెందిన పిల్లలున్నచో కనీస మొక యుపాధ్యాయుని నియమింపవలెను. 1956 సెప్టెంబరు నాటి కేంద్రప్రభుత్వ పత్రమును, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశమును ఈ కొలతనే నిలిపినవి. 1956 పత్రమున మఱికొన్ని కొలతలును కలవు. ఒక జిల్లాలో నూటికి 30 మంది అల్పసంఖ్యాక భాషవారున్నచో పరిపాలనకు ఆ భాషను కూడ వాడవలెననియు, పురపాలక సంఘమువంటి చిన్న ప్రాంతములలో 15 నుండి 20 వంతులున్నను ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలో వెలువరింపవలెననియు సూచింపబడినది.

2002లో పదునొకండుగురు న్యాయమూర్తుల సుప్రీముకోర్టు ధర్మాసనము టి. ఎం. ఏ. పాయ్ ప్రతిష్ఠానపు వ్యాజ్యమున, అల్పసంఖ్యాకులెవ్వరో రాష్ట్రమును ప్రమాణముగ గైకొని నిర్ణయింపవలెనని తీర్పు చెప్పినది. తెలుగువారు దేశములో కోట్లకొలది యున్నను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో అధికసంఖ్యాకులైనను, తక్కిన రాష్ట్రములలో మన హక్కు మనకున్నదని దీని భావము. 2014లో కర్ణాటకమునకు సంబంధించిన వ్యాజ్యమున అదే న్యాయస్థానము, ప్రాథమిక దశలో మాతృభాషనే బోధనభాషగ చేయుమని ప్రభుత్వము నిర్బంధింపజాలదనియు, బోధనభాషను ఎన్నుకొనుట తల్లిదండ్రుల స్వేచ్ఛ యనియు చెప్పినది.

మన వంతు

ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిది హక్కును మన చేతికిచ్చినది. రెండవది దానిని వాడుకొనుటయు మానుకొనుటయు మన యిష్టమన్నది. ఇపుడు బరువు ప్రభుత్వముపై నెంత యున్నదో మన యిండ్లపై నంత యున్నది.

ప్రభుత్వములయం దుపేక్ష లేదని నా మాట కాదు. ఖాళీలు ఏండ్లకొలది నింపబడకుండుట, పాఠ్యపుస్తకములు ఆలస్యముగ చేరుట ఈ వృత్తిలో నున్నవారికి తెలియనివి కావు. అట్టి వానిని 350వ అధికరణము ప్రకారము ఆ రాష్ట్రమున వాడుకలోనున్న యే భాషలోనైనను అర్జీగ వ్రాసికొనవచ్చును, ప్రత్యేకాధికారికి తెలుపవచ్చును. వ్రాయని కష్టము నివేదికలో చేరదు. నివేదికలో చేరనిది పార్లమెంటు ముందుకు రాదు. కాని యర్జీ నిలుచుటకు లెక్క కావలెను. తరగతికి పది, బడికి నలుబది యను కొలతలో ఒకరు తగ్గినను ఉపాధ్యాయుని కొలువు ప్రశ్నార్థకమగును; ఉపాధ్యాయుడు పోయిన యేడు తరగతి పోవును; తరగతి పోయిన పిదప తిరిగి తెఱపించుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు. ప్రవేశమునకు ముందే పిల్లల భాషను నమోదు చేయించు పద్ధతియు రక్షణలలో నొకటిగ నున్నది. దానిని వినియోగించుకొను తల్లిదండ్రులు కొలదిమందియే. అట్లే జనగణనలో మాతృభాష యను గడి. ఇంట తెలుగు మాటాడి, అచట వేఱొకటి వ్రాయించినచో, నూటికి ముప్పది యన్న కొలతయు, పదునైదన్న కొలతయు మనకు వర్తింపకుండ మనమే చేసికొన్నవార మగుదుము.

ఇందు పొరుగుభాషపై ద్వేషమునకు తావు లేదు. తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో బాగుగ నేర్వని తెలుగు బిడ్డకు ఆ రాష్ట్రమున బ్రతుకుతెరువు దుర్లభము. రెండును నేర్చుట మన పెద్దలకు కొత్త కాదు. ఇంటిలో నొకటి, అంగడిలో నొకటి వారు శతాబ్దములుగ నడుపుకొని వచ్చిరి. రాజ్యాంగమును మనలను ఎన్నుకొమ్మని కోరలేదు. ఉన్నదానిని పోగొట్టుకొననక్కఱలేదని మాత్రమే చెప్పినది.

1948లో పరిషత్తు మనకు హక్కు నిచ్చి ఖర్చును కాదనెను. 1956లో పార్లమెంటు ఆ ఖర్చుకును దారి చూపెను. న్యాయస్థానములు ఆ హక్కు ఎవరిదో తేల్చినవి. ఇక మిగిలినది బడి హాజరుపట్టిక. ఆ పదుగురు పిల్లలను పంపుమని యే యధికరణమును మనలను శాసింపదు, శాసింపజాలదు. అది మన యిండ్లలో తీసికొనవలసిన నిర్ణయము.